పూడ్చిన మన్ను

ఆర్మూరులో ఏ గల్లీలో నడచినను కాలిక్రింద ఒక అతుకు తగులును. సిమెంటు బాటకు అడ్డముగా రెండడుగుల వెడల్పున ఒక చాఱ. కొన్ని చోట్ల అది మెట్ట, కొన్ని చోట్ల పల్లము. మెట్టగా నున్నచో పూడ్చి యెక్కువ నాళ్లు కాలేదనియు, పల్లముగా నున్నచో ఒక వానకాలము గడచినదనియు మేము గుర్తుపట్ట నేర్చితిమి. మా పాఠశాలకు పోవు త్రోవలో నట్టివి ఇరువది మూడు కలవు. ఇరువది నాలుగవది మా యింటి ముందరనే యుండెను. ఒరుల గుంతలను లెక్కించుట మాకు మొదటినుండియు నలవాటే. మాదానిని లెక్కలో జేర్చుటకు మాత్రము చాల కాలము పట్టినది.

ఈ చాఱలు మా యూరికి వచ్చుట మంచికొఱకే వచ్చినవని ముందుగా చెప్పవలెను. మా తల్లిగారి తరము స్త్రీల మెడలు నీళ్ల బిందెలు మోసి మోసి వంగినవి. బాయికడ ఏ కులమువారు ఏ ప్రక్క నిలువవలెనో యెవరు ఎవరి బిందెలో నీరు పోయవలెనో అను లెక్క యొకటి వేరుగా నుండెడిది. నల్లా తిరుగుటకు కులము నడుగదు. సంస్కర్తల యుపన్యాసములు నూరేండ్లలో చేయలేని పనిని అరంగుళపు గొట్టము కొన్ని యిండ్లలో చేసినది. 2016 ఆగస్టు 7వ తేదీన గజ్వేలు దగ్గరి కోమటిబండలో ప్రధానమంత్రి ప్రారంభించిన మిషన్ భగీరథ పథకము తెలంగాణమంతట లక్ష కిలోమీటర్లకు మించిన గొట్టములను నేలలో పరపించినది. మా జిల్లాకు శ్రీరాంసాగరమునుండి గోదావరి నీరు వచ్చినది. గోదావరి మాకు నలువది కిలోమీటర్ల లోపలనే పారుచుండియు, అది మా వంటయింటిలోనికి వచ్చుటకు ఇన్ని తరములు పట్టినది.

పథకమునకు భగీరథుని పేరు పెట్టినవారు కథను సగమే తలచిరని మాకు తోచుచుండును. భగీరథునికి ముందు అరువదివేల సగరపుత్రులు కలరు. వారు యాగాశ్వమును వెదకుచు భూమినంతయు త్రవ్విరి. త్రవ్విన దానిని పూడ్చిన వాడొక్కడును లేడు. అది సాగరమైనది. మా ప్రాంతమునందు మట్టిపని వృత్తిగా గల ఉప్పరులు తాము సగరవంశజులమని చెప్పుకొందురు. వారు మాత్రము త్రవ్వుటయే కాక పూడ్చుటయు నెరుగుదురు. మన చెరువు కట్టలు నేటికిని నిలిచియుండుట వారి చలువయే. ఐనను మట్టిపని చేయువానిని గౌరవించు పద్ధతి మనకు లేదు. ఈ వ్యాసము వ్రాయుచున్నవాడును దానికి వెలియైనవాడు కాడని ముందు ముందు తేలగలదు.

సంగతి యిది. వీధి గొట్టము మా గల్లీలో ఎదుటివారి అరుగుల వెంబడి పోయినది. అక్కడినుండి మా యింటికి నీరు రావలెనన్న గల్లీకి అడ్డముగా పండ్రెండడుగుల కందకము త్రవ్వవలెను. ఒక మాఘమాసమున ఆ పనికి మేమే కూలి మాటలాడుకొంటిమి. వచ్చినవాడు ముప్పది యైదేండ్లవాడు. మా ప్రాంతపు అనేకుల వలెనే గల్ఫునకు పోయి, ఎనిమిదేండ్లు ఎడారిలో గొట్టములు పాతు పని చేసి తిరిగివచ్చినవాడు. మధ్యాహ్నమునకు కందకము త్రవ్వినాడు. రెండడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల లోతు. పైన సిమెంటు పెచ్చులు, దాని క్రింద కొంచెము మొరము, ఆ క్రింద నల్లరేగడి. సాయంకాలమునకు గొట్టము పరచుట ముగిసినది. అప్పుడతడు పార నేలకానించి యిట్లనెను:

“సారూ, ఇయ్యాల పైపుకు కింద, పక్కల మెత్తని మన్ను వోసి దిమ్మిస కొడ్త. మిగిలింది రేపు నీళ్లు సల్లి జానెడు జానెడు పోస్త. ఎల్లుండి పొద్దుగాల్ల అయిపోతది.”

మఱునాడు మా యింట మేనకోడలి నిశ్చితార్థము. వియ్యాలవారు నిజామాబాదునుండి కార్లలో రానుండిరి. వాకిట గుంత, ప్రక్కన మట్టికుప్ప, అందులో దిమ్మిస మోత! మేము వెంటనే పూడ్చుమంటిమి. అతడు కందకములోనికి చూపి, “అండ్ల గడ్డలున్నయి సారూ, సిమెంటు పెచ్చులున్నయి. గిట్ల నూకితె నిలువది. వానవడితె కూసుంటది” అనెను. మేమతని మాట విని, అతని ముఖము చూచి, జేబులోనుండి రెండవ దినపు కూలి కూడ తీసి యిచ్చితిమి. డబ్బు తీసికొనకయే అతడు గంటలో మట్టినంతయు లోపలికి లాగినాడు. పైన అడుగెత్తున మిట్ట లేచినది. కార్లకు అడ్డమని దానిని గూడ ఎత్తించి పెరటిలో కరివేపచెట్టు చుట్టును మల్లెపాదుల చుట్టును పోయించితిమి. సుమారు నలుబది తట్టల మట్టి. పైని చదునుగా చేసి నీళ్లు చల్లి, ముగ్గు వేసితిమి. నిశ్చితార్థము నిర్విఘ్నముగా జరిగినది. కార్లు దానిమీదుగా పోయినవి గనుక మట్టి అణగినదని గూడ మాకొక తృప్తి కలిగినది.

ఫాల్గుణము వచ్చినది. మా యూరిలో ఆ నెల యెట్టిదో యెరుగని వారికొఱకు రెండు మాటలు. ఆర్మూరు ప్రాంతమునకు పసుపే పంట, పసుపే పరపతి. జూనులో నాటినది తొమ్మిది నెలలు నేలలో నుండును. త్రవ్వి, కడాయిలో ఉడికించి, పక్షము దినములు కల్లములో ఎండబెట్టి, డోలులో వేసి త్రిప్పి మెరుగుపెట్టి గాని నిజామాబాదు యార్డునకు తీసికొనిపోరు. ఆ దినములలో మబ్బు పట్టెనా రైతు రాత్రి నిద్రపోడు. ఈ పంట ధర యెంత ప్రాణప్రదమో తెలియవలెనన్న 2019 లోక్‌సభ యెన్నికలను తలచుకొనుడు. నిజామాబాదు స్థానమునకు నిలిచిన 185 మందిలో నూట డెబ్బదికి మించినవారు మద్దతు ధరయు పసుపు బోర్డును కోరి నామపత్రములు వేసిన రైతులే. ఆ బోర్డు 2025 జనవరిలో వచ్చినది. మా కథ దానికి ముందటిది.

మా యింటి వెనుక నొక వృద్ధ రైతు కలడు. మేము కాకా యని పిలుతుము. ఒక రాత్రి అకాలవర్షము గంటసేపు కురిసినది. తెల్లవారుజామున ఆయన పసుపు బస్తాల ట్రాక్టరు యార్డునకు బయలుదేరినది. మా వాకిటికి వచ్చునప్పటికి ట్రాలీ యెడమచక్రము కందకములో దిగబడినది. ముగ్గు వేసిన నేల పాయసము వలె నైనది. ట్రాలీ యొరగి, పైవరుస బస్తాలు నాలుగు మురికికాలువలో పడినవి. ఒకటి పగిలి పసుపు కొమ్ములు నీళ్లలో తేలినవి. తడిసిన పసుపు మరల ఎండినను రంగు నిలువదు. బేరగాడు చేతితో తాకి చూచియే ధర తగ్గించును.

అంతతో పోలేదు. చక్రపు బరువునకు మా గొట్టము వీధి గొట్టముతో గూడు చోట అతుకు వీడినది. ఆ సంగతి మూడు దినముల వరకు నెవ్వరికిని తెలియలేదు. నల్లా వదలినప్పుడు మొదటి బిందె ఎఱ్ఱగా వచ్చుచుండెను. వానకు నట్లే వచ్చునని అందరును పారబోసికొనిరి. మూడవ యింటి పసివాడు వాంతులు విరేచనములు పట్టి రెండు దినములు ఆసుపత్రిలో సెలైను ఎక్కించుకొనెను. అది మా గొట్టము వలననే జరిగినదని నిరూపింపజాలము. కాదని చెప్పుటకు మాత్రము మాకు నోరు రాదు.

ట్రాలీ లేవనెత్తుచున్నప్పుడు గుమిగూడిన జనములో మేము నుంటిమి. పూడ్చినవాని పేరు అందరకు తెలియును. “దుబాయి వొయ్యి నేర్చుకొచ్చిన పని గిదా?” యని ఒకరు, “కూలి మీదున్న సోయి పని మీద ఉండది” యని యింకొకరు. కాకా యైతే కోపము పట్టలేక, దారిన పోవుచున్న యా మనిషిని నిలిపి నలుగురి యెదుట నానా మాటలనెను. అతడు మా వంక చూచెను. అంతే, ఒక్క మాట యనలేదు. మేము ట్రాలీ చక్రము వంక చూచితిమి. ఆ వారమే తొమ్మిదవ తరగతి పిల్లలచేత పౌరధర్మమును గూర్చి వ్యాసము వ్రాయించియుంటిమి. పదునైదు కాగితములు దిద్దవలసినవి బల్లమీద నుండినవి.

తప్పు చేసిన యుపాధ్యాయుడు ఒప్పుకొనుటకు పోవుటకు మారుగా పుస్తకములు తెఱచును. మేమును అట్లే చేసితిమి. మట్టి యేల కూర్చున్నదను శాస్త్రము తెలిసికొన్నచో మన పాపము కొంత ప్రకృతిమీదికి పోవునేమో యని లోలోపల ఆశ. ఫలము వేరుగా వచ్చినది.

మొదట చేతికందినది మా చదువునకు దగ్గరిది. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుని బృహత్సంహితలో ఇల్లు కట్టుటకు నేలను పరీక్షించు విధమొకటి కలదు. స్థలము నడుమ మూరెడు గుంత త్రవ్వి, ఆ మట్టితోనే దానిని తిరిగి పూడ్చవలెను. మట్టి మిగిలినచో ఉత్తమము, సరిపోయినచో మధ్యమము, చాలకపోయినచో ఆ నేల పనికిరాదు. విద్యార్థి దశలో దీనిని మేము శకునముల జాబితాలో వేసి నవ్వుకొంటిమి. ఇప్పుడు చూడగా అది తూకపు శాస్త్రమే. నేలలో బిగిసియున్న మట్టిని త్రవ్వినప్పుడు గడ్డల నడుమ గాలి చొచ్చి అది ఉబ్బును. నేలనుబట్టి అయిదవ వంతు మొదలు మూడవ వంతువరకు పెరుగును. గట్టి నేలయైనచో ఉబ్బు హెచ్చు గనుక గుంత నిండి మిగులును. మునుపే గుల్లగా నున్న నేలయైనచో పూడ్చుటకే చాలదు. వరాహమిహిరుడు నేలను పరీక్షించెను. ఆ పరీక్షనే తిరుగవేసినచో పూడ్చినవాని పనిని పరీక్షింపవచ్చును. మన గొట్టము ఆక్రమించిన చోటు స్వల్పము. కావున త్రవ్విన మట్టి యంతయు దాదాపుగా లోపలికి మరల పట్టవలెను. పట్టకుండ మిగిలినదన్నచో దాని యర్థము మన్ను పెరిగినదని కాదు, లోపల గాలి పెరిగినదని.

లెక్క వేసితిమి. కందకము 84 ఘనపుటడుగులు. నాలుగవ వంతు ఉబ్బినచో 105. మిగులు 21. మేము పెరటికి మోయించినది నలుబది తట్టలు, అనగా సుమారు 20 ఘనపుటడుగుల వదులు మట్టి, బిగించినచో 16. పండ్రెండడుగులు పొడవు, రెండడుగులు వెడల్పు గల కందకమునకు ఆ 16 తగ్గినచో కలుగు పల్లము ఎనిమిదంగుళములు. స్కేలు తీసికొని వాకిటికి పోయి కొలిచితిమి. ఎనిమిదింటికి ఒక నూలు తక్కువ. మా జీవితములో లెక్క ఇంత సరిగా సరిపోయినందుకు విచారించినది అదియే మొదటిసారి. గుంతలో తక్కువైన మన్ను మా మల్లెపాదులలో పూలు పూయించుచున్నది.

పశ్చిమదేశములవారు ఈ విషయమును ఆలస్యముగా మొదలుపెట్టినను మిక్కిలి శ్రద్ధతో విచారించిరి. అమెరికాలో అయోవా రాష్ట్రమున పొలములలో నీరు తీయుటకు పాతిన మట్టిగొట్టములు పగిలిపోవుచుండగా, అక్కడి వ్యవసాయ కళాశాలకు చెందిన ఆన్సన్ మార్స్టన్ కందకములోని గొట్టముమీద ఎంత బరువు పడునో పరిశోధించి 1913లో ప్రకటించెను. వదులుగా పోసిన మట్టి క్రమముగా క్రిందికి దిగజారుచుండగా, కదలని ప్రక్కగోడలు దానిని ఒరిపిడిచేత కొంత పట్టియుంచును. అందుచేత మట్టి బరువంతయు గొట్టముమీద పడదు. కాని కందకము వెడల్పైన కొలది ఆ సాయము తగ్గి భారము హెచ్చును. అవసరమునకు మించి వెడల్పుగా త్రవ్వుట ఉదారత కాదు, గొట్టమునకు చేటు. ఆయన శిష్యుడు స్పాంగ్లర్ 1941లో మఱియొక సంగతి తేల్చెను. సిమెంటు గొట్టము తన బలముచేతనే నిలుచును. వంగునట్టి గొట్టమో, పైబరువునకు కొంచెము చదునై ప్రక్కలకు సాగజూచును. ఆ ప్రక్కలను బిగియగా పట్టియుంచు మట్టియే దాని బలము. నేడు మన వీధులలో పరచుచున్న నల్లని ప్లాస్టిక్ గొట్టములన్నియు ఈ రెండవ జాతివి. కొట్టి బిగింపని మట్టిలో వానిని పాతుట గోడలు లేకుండ పైకప్పు వేయుట వంటిది.

మూడవవాడు ప్రాక్టర్. లాస్ ఏంజెలెస్ నగరపు నీటి శాఖలో మట్టి ఆనకట్టలు కట్టించుచు 1933లో ఆయన వ్రాసిన వ్యాసములే నేటివరకు ప్రపంచమంతట మట్టిని గట్టిపరచు పనికి ప్రమాణము. ఎండుమట్టి రేణువులు ఒకదానినొకటి ఒరసికొని దెబ్బకు జరుగవు. కొంచెము తడిపినచో జారి సర్దుకొనును. మితిమీరి తడిపినచో ఖాళీలలో నీరు నిండును. నీరు అణగునది కాదు గనుక ఎంత కొట్టినను ఆ దెబ్బ వ్యర్థము. ఈ రెంటి నడుమ ప్రతి మట్టికిని తగిన తడి యొకటి కలదు. ఇసుకమట్టికి తక్కువ, రేగడికి ఎక్కువ. ఆయన పరీక్షలో ఒక గిన్నెలో మట్టిని మూడు పొరలుగా పోసి, ఒక్కొక్క పొరను రెండున్నర కిలోల సుత్తిని అడుగెత్తునుండి ఇరువదియైదుమార్లు జారవిడిచి కొట్టుదురు. పొరలుగా పోయుటలో రహస్యమంతయు నున్నది. మూడున్నర అడుగుల మట్టిని ఒక్కసారిగా పోసి పైన ఏనుగును నడపించినను దాని యదుము అడుగునకు చేరదు. పై జానెడు బిగిసి క్రిందిది గుల్లగానే యుండును. మా వియ్యాలవారి కార్లు చేసినదదియే. పైన పెంకు కట్టి లోపల డొల్లను దాచినవి.

రేగడి సంగతి యింకొకటి కలదు. వేసవిలో అది చేయి పట్టునంత నెరియలు విచ్చును, వానకు ఉబ్బును. అట్టి మట్టి గడ్డలుగా పడినప్పుడు మొదట గడ్డలే ఒకదానిపై నొకటి నిలిచి, కందకము నిండినట్లే కనబడును. ఒక వాన రాగానే గడ్డలు కరగి, నడుమనున్న గాలి బుడగలుగా పైకి పోవును. అందుచేతనే తెలిసినవారు గొట్టము చుట్టును ఇసుకయో జల్లించిన మొరమో పోసి, పై భాగమునకు మాత్రమే త్రవ్విన మట్టిని వాడుదురు. గొట్టమునకు రాయి తగులనీయరు. మట్టితో గొట్టము అడుగున్నర ఎత్తు కప్పబడువరకు బరువైన యంత్రమును దానిపైకి రానీయరు.

నీటి విషయము వంటయింటివారు ప్రత్యేకముగా వినదగినది. మన నల్లాలు దినమునకు కొన్ని గంటలే వచ్చును. నీరు నిండుగా నొత్తిడితో నున్నంతసేపు అతుకునుండి నీరు వెలుపలికి కారునేగాని మురికి లోపలికి రాదు. వదలుట ఆపిన పిమ్మట గొట్టము ఖాళీయగుచు లోపల పీడనము తగ్గును. అప్పుడు చుట్టును నిలిచిన నీటిని అతుకు పీల్చుకొనును. మన గల్లీలలో గొట్టమునకు తోడుగా మోరి ప్రక్కనే పారుచుండును. వదులుగా పూడ్చిన కందకమో, ఆ మోరి నీటిని గొట్టము దగ్గరకు తీసికొనిపోవు కాలువ యగును. నల్లా విప్పిన తొలి బిందె పారబోయుడని పెద్దలు చెప్పుటకు కారణమున్నది. పారబోసి యూరకుండుటకు మాత్రము లేదు.

ఒక సెలవునాడు పిల్లలను శ్రీరాంసాగరము చూపించుటకు తీసికొనిపోతిమి. 1963 జూలైలో నెహ్రూగారు శంకుస్థాపన చేసినది. వచ్చినవారందరు నలుబది రెండు తలుపుల రాతికట్టడమును చూచి ఫొటోలు దిగుచుందురు. మేమీసారి దానికి ఇరువైపుల కిలోమీటర్ల పొడవున పోయిన మట్టికట్టను చూచితిమి. అంత నీటిని నిలిపినది ముఖ్యముగా మన్నే. పొరపొరగా పోసి, తడిపి, రోలర్లతో త్రొక్కించిన మన్ను. ముండ్ల రోలరునకు ఇంగ్లీషువారు గొర్రెపాదమని పేరు పెట్టిరి. సముద్రమంత జలాశయమును మోయగల మన్నే, మా వాకిట ఒక ట్రాలీని మోయలేకపోయినది. పిల్లలలో నొకడు కట్టను చూపి “సారూ, ఇదంత ఎవరు కొట్టిన్రు?” అని యడిగినాడు. పాలమూరు కూలీలు దేశమంతట ఆనకట్టలకు, కాలువలకు, తంతి కందకములకు పోయి చేసిన పనిని గూర్చి వానికి చెప్పితిమి. చెప్పుచుండగా మా గొంతు మాకే వేరుగా వినబడినది. ఆ సాయంకాలము ఇంటికి రాగానే కాకా యింటికి పోతిమి.

ఆయన అరుగుమీద కూర్చుండి చుట్ట కాల్చుకొనుచుండెను. జరిగినదంతయు చెప్పితిమి: రెండు దినములు కావలెనని అతడు కోరుట, మేము వలదనుట, మిగిలిన మన్ను మా పెరటిలో నుండుట. కాకా చాలసేపు మాటలాడలేదు. మేము పసుపునకు తగ్గిన ధర యెంతో యడిగితిమి. అప్పుడాయన,

“పసుపు వోయింది, పోనీ సారూ. పైసలిస్తె తీసుకుంట, వద్దన. గని ఆ పిల్లగాన్ని నలుగుట్ల తిడ్తుంటె నువ్వు పక్కకే ఉంటివి. వాన్ని తిట్టిన పాపం నా నెత్తిన వెట్టినవు” అనెను.

ఇన్నేండ్ల మా చదువులో ఇంత నిక్కమైన వాక్యమును మేము వినలేదు. ఆయనయే లేచి చెప్పులు వేసికొని, మమ్ము వెంటబెట్టుకొని అతని యింటికి నడచెను. అక్కడ జరిగినదంతయు వ్రాయుటకు సిగ్గు అడ్డమగుచున్నది. ముందుగా కాకాయే మాటలాడెను. తరువాత మేము. అతని భార్య తలుపుచాటునుండి వినుచుండెను. ఆ నెలలో నలుగురైదుగురు అతనికి పని చెప్పుట మానిరని ఆమె నోటనే తెలిసినది. అతడు మాత్రము, “సరే సారూ, ఎప్పుడు తోడాలె?” అని యడిగెను.

ఆదివారమునాడు కందకము మరల త్రవ్వినాడు. ఈసారి అతని షరతులు రెండు: పని ముగియువరకు తొందర పెట్టరాదు, దిమ్మిస మేము పట్టవలెను. కాకా ఎదుటి యరుగుమీద కూర్చుండి చూచుచుండెను. గొట్టమెత్తి, అడుగున ఇసుక పరచి, మరల పెట్టినాడు. గొట్టము క్రింద ఇరుప్రక్కల వంపులలోనికి ఇసుకను చేతితోనే కూరుచు, “గీడనే అందరు వదిలేస్తరు సారూ. పిల్లగాన్ని సంకనెత్తుకున్నట్టు కింద నుంచి పట్టాలె. మీద ఎంత కొట్టినా కింద సందు ఉంటె పైపు వంగుతది” అనెను. స్పాంగ్లర్ నూరు పుటలలో చెప్పినది అదియే.

మట్టి గడ్డలు చిదిపి, పెచ్చులు ఏరి, నీళ్లు చల్లినాడు. పిడికెడు తీసి గట్టిగా పట్టి ఉండ చేసి నడిమి వ్రేలితో నొక్కినాడు. ఉండ రెండు ముక్కలుగా విరిగినది. “గిది తడి. రాలిపోతె తక్కువైనట్టు, చేతికంటితె ఎక్కువైనట్టు.” గల్ఫులో ప్రతి పొరకు ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్షించెడివాడట, తప్పినచో మొత్తము తోడి మొదటినుండి చేయింతురట. ఒకసారి ఎడారి యెండలో ముప్పది మీటర్ల కందకమును మూడుమార్లు తోడించిరని నవ్వుచు చెప్పినాడు. “గక్కడ మా మాట ఇనెటోడు లేకుండె గని, మా పని చూసెటోడు ఉండె. గిక్కడ రెండూ లేవు” అనెను. వ్రాయుచు నాలోచించినకొలది ఆ మాటకు మా యొద్ద సమాధానము లేదు. మన కంట్రాక్టులలో పూడ్పునకును ధర వ్రాసియుందురు. కాని గొట్టమెన్ని మీటర్లు పడినదో కొలుచువాడు కలడు, మన్నెంత బిగిసినదో కొలుచువాడు అరుదు. కప్పబడినది కొలతకు దొరకదు. ఇంటి యజమాని ఆ పూట వీధిలో నిలిచియుండిన చాలునని మేము ఇప్పుడు అందరకు చెప్పుచున్నాము. మేము నిలుచుచున్నాము గూడ. కందకము నిండువరకు కదలని యీ సారును చూచి మేస్త్రీలు కొందఱు విసుగుకొనుచున్నారు.

దిమ్మిస పదిహేను కిలోలుండును. మొదటి పొర ముగియునప్పటికి మా యరచేతులు బొబ్బలెక్కినవి. రెండవ పొరకు మోతలో తేడా తెలియవచ్చినది. మొదట ధబ్బుమని మెత్తగా వినబడునది, మట్టి బిగిసిన కొలది రాతిమీద పడినట్లు టక్కుమని పలుకును. ఆ పలుకు రాగానే అతడు “చాలు” అనెడివాడు. అట్లు ఏడు పొరలు. సాయంకాలమునకు మూడు పొరలే యైనవి, తక్కినవి మఱునాడు. ఈసారి రెండు దినముల కూలియు అతడు తీసికొనెను. మాఘములో మిగిలిపోయిన సగము దినపు కూలియు నడిగి తీసికొనెను. పసివాని యింటికి కూడ పోయి చెప్పితిమి. వాని తండ్రి, “ఇప్పుడు మంచిగనే ఉన్నడు గద సారూ” అని టీ యిప్పించెను. ఆ టీ మాకు గొంతు దిగుట కష్టమైనది.

రెండవనాటి మధ్యాహ్నము ఏడవ పొరకు మట్టి చాలలేదు. త్రవ్విన దంతయు లోపలికి పోయినది. గుంత ఇంకను ఎనిమిదంగుళములు వెలితిగనే యున్నది. అతడు మా వంక చూచెను. మేము తట్ట పట్టుకొని పెరటిలోనికి పోతిమి. కరివేపచెట్టు మొదట నున్నదంతయు గోకి తెచ్చితిమి. ముప్పది తొమ్మిది తట్టలైనది. చివరి తట్ట మల్లెపాదులో నుండినది. అప్పుడే మొగ్గ తొడుగుచున్న పాదు. మా యిల్లాలు దానికి అడ్డముగా నిలిచి, పాదులోనిది ఇయ్యననెను. కాకా అరుగుమీదనుండియే, తన కల్లములో మొరమున్నది, ఒక తట్ట తెచ్చుకొండని కేకవేసెను.